ధ్రువపత్రంలో అబద్ధం ఎవరిది?

ఆదివారం పొద్దున కాజీపేట నుంచి హన్మకొండకు ఆటోలో వస్తుంటే, చేతిలో బైబిలు పట్టుకుని ప్రార్థనకు పోతున్న ఆడవాళ్లు దారి పొడవునా కనిపిస్తారు. కొందరు ఫాతిమానగర్ కథెడ్రల్‌కు, కొందరు హన్మకొండ బాప్టిస్టు చర్చికి, ఇంకా చాలామంది బస్తీల్లో రేకుల షెడ్ల కింద నడిచే చిన్న ప్రార్థన మందిరాలకు. వాళ్లలో ఎక్కువమంది మాల, మాదిగ ఇళ్ల నుంచి వచ్చినవాళ్లే. సోమవారం అదే ఇంటి పిల్ల కాలేజీ అడ్మిషన్ కోసం కుల ధ్రువపత్రం తెచ్చుకోవడానికి మీసేవా సెంటర్‌కు పోతుంది. కులం దగ్గర ఉన్నది ఉన్నట్టు చెబుతుంది. మతం దగ్గరికొచ్చేసరికి నోరు పెగలదు. హిందూ అంటే ఎస్సీ. క్రిస్టియన్ అంటే బీసీ-సి.

ఈ పిల్లకు పేరు పెట్టాల్సిన పని లేదు. ఇది చదువుతున్న విద్యార్థుల్లో చాలామందికి ఆ క్షణం సొంత అనుభవమే. తర్వాత వచ్చే ఆదివారం ప్రసంగం అబద్ధ సాక్ష్యం గురించి కావచ్చు. అప్పుడు ఆమె తల వంచుకుని కూర్చుంటుంది. కోర్టు ఆమెను రాజ్యాంగాన్ని మోసం చేశావంటుంది. పాస్టరు దేవుణ్ని మోసం చేశావంటాడు. ఇద్దరి మధ్యా ఇరుక్కున్న ఆమె మాత్రం తాను పుట్టిన వాడను, నమ్మిన దేవుణ్ని రెండింటినీ వదులుకోలేక నలిగిపోతుంది.

క్రైస్తవ నీతి గురించి మన చర్చిల్లో మాట్లాడినప్పుడల్లా మద్యం, సినిమా, వ్యభిచారం వంటివే ముందుకొస్తాయి. తెలుగు క్రైస్తవుల్లో అత్యధికులు దళితులు. వాళ్లలో వేలాది ఇళ్లలో రోజూ ఎదురయ్యే అసలు నైతిక ప్రశ్న ఈ ధ్రువపత్రం. దాని గురించి మాత్రం అయితే గుసగుసలు, లేకపోతే శాపనార్థాలు. ఆ ప్రశ్నను బహిరంగంగా చర్చిద్దాం. అక్కడ ఒక అబద్ధం ఉన్నమాట నిజం. దాన్ని ముందుగా పుట్టించింది ఎవరు, దాని మీద బతుకుతున్నది ఎవరు అన్నదే తేల్చుకోవాలి.

ఒక్క పేరా చేసిన పని

1950 ఆగస్టు 10న రాష్ట్రపతి పేరిట షెడ్యూల్డు కులాల ఉత్తర్వు వెలువడింది. హిందూ మతం కాని మరో మతాన్ని అనుసరించేవారిని షెడ్యూల్డు కులస్తులుగా పరిగణించరాదని దాని మూడో పేరా చెప్పింది. బ్రిటిష్ పాలకుల 1936 ఉత్తర్వులోనూ క్రైస్తవులను ఇలాగే బయట పెట్టారు. స్వతంత్ర భారతం ఆ గీతను చెరపకుండా ఇంకా మందంగా గీసింది. తర్వాత 1956లో సిక్కు దళితుల కోసం, 1990లో బౌద్ధ దళితుల కోసం ఆ పేరాను సవరించారు. అంటే హిందూ మతం దాటినా కులం వెంట వస్తుందని పార్లమెంటే రెండుసార్లు ఒప్పుకుంది. క్రైస్తవ, ముస్లిం దళితుల దగ్గరికొచ్చేసరికి ఆ ఒప్పుకోలు ఆగిపోయింది.

ఈ గీత ఎంత వింతైనదో ఉమ్మడి వరంగల్ జిల్లాలోనే చూడొచ్చు. ఏటూరునాగారం దగ్గర ఒక కోయ కుటుంబం, మహబూబాబాద్ దగ్గర తండాలో ఒక లంబాడా కుటుంబం యేసును నమ్ముకున్నాయనుకుందాం. వాళ్లు క్రిస్టియన్ అని ధైర్యంగా రాసుకోవచ్చు. ఎస్టీ హోదాకు ఏమీ కాదు, ఎందుకంటే షెడ్యూల్డు తెగల ఉత్తర్వులో మతం షరతు లేదు. అదే మండలంలో మాదిగ కుటుంబం అదే పాస్టరు దగ్గర బాప్తిస్మం తీసుకుంటే ఎస్సీ జాబితా నుంచి జారిపోతుంది. ఒకే దేవుడు, ఒకే ప్రార్థన మందిరం, రెండు చట్టాలు.

జారిపోయినవాళ్లకు బీసీ-సి మిగులుతుంది. తెలంగాణలో ఎస్సీలకు 15 శాతం రిజర్వేషన్ ఉంటే, ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వెళ్లినవారికీ వారి సంతానానికీ ఉన్నది 1 శాతం. పోయేది సీట్లు, ఉద్యోగాలే కాదు. రిజర్వుడు స్థానంలో పోటీ చేసే హక్కు పోతుంది. వరంగల్ లోక్‌సభ స్థానం ఎస్సీ రిజర్వుడు. వర్ధన్నపేట, స్టేషన్ ఘన్‌పూర్ అసెంబ్లీ స్థానాలూ అంతే. క్రైస్తవుడినని రాసుకున్న దళితుడు అక్కడ ఓటు వేయగలడు, నిలబడలేడు. అన్నిటికన్నా ముఖ్యంగా అట్రాసిటీ చట్టం రక్షణ పోతుంది.

రెండు తీర్పులు, ఒక కాకతాళీయం

2024 నవంబర్ 26న పుదుచ్చేరికి చెందిన ఒక మహిళ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. క్రైస్తవాన్ని ఆచరిస్తూ, ఉద్యోగం కోసం మాత్రమే హిందువునని చెప్పుకుని ఎస్సీ ధ్రువపత్రం అడగడం రాజ్యాంగానికి చేసే మోసమని ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. ఆ రోజు రాజ్యాంగ దినోత్సవం. అంటరానితనాన్ని రద్దు చేసిన రాజ్యాంగానికి 75 ఏళ్లు నిండిన రోజునే ఒక దళిత స్త్రీకి మోసం అన్న మాట దక్కింది.

ఆ తర్వాత 2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు మరో తీర్పు ఇచ్చింది. కులం పేరుతో తిట్టి, కొట్టారని గుంటూరు ప్రాంతానికి చెందిన ఒక పాస్టరు పెట్టిన అట్రాసిటీ కేసును కొట్టేసింది. క్రైస్తవంలోకి వెళ్లి పాస్టరుగా పనిచేస్తున్న వ్యక్తి ఎస్సీ కాడు కాబట్టి ఆ చట్టం వర్తించదన్నది. అతని దగ్గరున్న ఎస్సీ ధ్రువపత్రం కూడా ఆదుకోలేదు. తిట్టినవాడు వాడిన మాట కులం మాటేనా అన్న ప్రశ్న కన్నా, తిట్లు తిన్నవాడి మతం ఏమిటన్నదే తీర్పును నిర్ణయించింది. విచిత్రంగా అదే రోజు కేంద్ర ప్రభుత్వం రాబోయే జనగణనలో కులాన్ని లెక్కిస్తామని ప్రకటించింది.

మతం మారితే కులం పోతుందన్నదే ఈ తర్కం. కానీ అదే న్యాయవ్యవస్థ ఇంకో మాట కూడా చెప్పింది. క్రైస్తవంలోకి వెళ్లిన కుటుంబం తిరిగి హిందూ మతంలోకి వస్తే, ఆ కులస్తులు ఒప్పుకుంటే, పాత కులం తిరిగి వస్తుందని 2015లో కె.పి. మను కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పోయింది తిరిగి ఎలా వస్తుంది? ఎక్కడికీ పోలేదు కాబట్టి వస్తుంది. ఈ సంగతి వాడలో చిన్నపిల్లకు తెలుసు. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితులను నరికి చంపారు. హతుల పేర్లలో బైబిలు పేర్లున్నాయి. చంపినవాళ్లు బాప్తిస్మం సర్టిఫికెట్ అడగలేదు. కవి గుర్రం జాషువా క్రైస్తవ కుటుంబంలో పుట్టారు. ఆయన పడ్డ అవమానాలు కులం పేరుతోనే పడ్డారు, మతం అడ్డుపడలేదు.

చర్చి దాచుకున్న అబద్ధం

ఇంతవరకు రాజ్యం సంగతి. ఇప్పుడు చర్చి సంగతి. క్రైస్తవంలో కులం లేదన్నది రాజ్యం వాదన మాత్రమే కాదు. అది చర్చి వేదికల మీద నుంచి పదేపదే వినిపించే మాట కూడా. క్రీస్తులో యూదుడు, గ్రీసు దేశస్తుడు అన్న తేడా లేదని పౌలు గలతీయులకు రాసిన మాటను ప్రతి పాస్టరూ కంఠతా చెబుతాడు. అదే పాస్టరు పెళ్లి సంబంధం చూడమంటే ముందు అడిగేది ఏమిటో మనకు తెలుసు. క్రైస్తవ పెళ్లిళ్ల ప్రకటనల్లో శాఖ పేరు పక్కనే కులం పేరు అచ్చవుతుంది. కొన్నిచోట్ల చచ్చాక పడుకునే చోటు కూడా వేరు.

సభలోకి బంగారు ఉంగరం పెట్టుకున్నవాడు వస్తే మంచి చోటు చూపించి, మాసిన బట్టల బీదవాణ్ని కింద కూర్చోమనడం పాపమని యాకోబు పత్రిక రెండో అధ్యాయం తేల్చి చెబుతుంది. మన చర్చిల్లో ఆ కుర్చీలు ఎవరివి? భారత కాథలిక్ బిషప్పుల సమాఖ్యే 2016 డిసెంబర్‌లో దళిత సాధికారత విధానపత్రం విడుదల చేస్తూ, సంఘంలో కుల వివక్ష, అంటరానితనం ఉన్నాయని ఒప్పుకుంది. తెలుగు నేలలో తొలి దళిత ఆర్చిబిషప్పు రావడానికి 2000 సంవత్సరం దాకా ఆగాల్సి వచ్చింది. హైదరాబాద్ ఆర్చిబిషప్పు పూల అంతోని 2022 ఆగస్టు 27న కార్డినల్ అయ్యేవరకు దేశంలో దళిత కార్డినల్ లేరు. వరంగల్ కాథలిక్ మేత్రాసనం ఏర్పడింది 1952లో. హన్మకొండలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ మొదలైంది 1879లో. ఇన్ని దశాబ్దాలు ఈ సంఘాలను నిలబెట్టింది మాల, మాదిగ పల్లెల చందాలు, చెమట. పీఠాల దగ్గర మాత్రం వాళ్ల వంతు చాలా ఆలస్యంగా వచ్చింది.

కులం లేదని చర్చి చెప్పే ఈ మాట కోర్టులో దళిత క్రైస్తవుల మీదే ఆయుధమైంది. 1985లో సూసై కేసు గుర్తు చేసుకోవాలి. మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే క్రైస్తవ దళితుడు ఆయన. చెప్పులు కుట్టేవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే బంకు తనకూ ఇవ్వాలని అడిగాడు. క్రైస్తవంలోకి వెళ్లాక కూడా కుల వైకల్యాలు అంతే తీవ్రంగా కొనసాగుతున్నాయని ఆధారాలు చూపలేదంటూ సుప్రీంకోర్టు కాదన్నది. ఆధారాలు ఎవరి దగ్గర ఉన్నాయి? చర్చి దగ్గర ఉన్నాయి. చర్చి సిగ్గుపడి దాచుకుంది. దానికి మూల్యం చెల్లించింది చెప్పులు కుట్టేవాడు.

అంబేద్కర్ ఈ ప్రశ్నను చాలా ముందే వేశారు. అంటరానివారు క్రైస్తవంలోకి వెళ్లాక వాళ్ల స్థితి ఏమైందో రాస్తూ, మిషనరీలు బడులు, ఆసుపత్రులు కట్టినంత శ్రద్ధగా కులాన్ని కూలగొట్టలేదని ఎత్తి చూపారు. ఆ విమర్శకు చర్చి ఇప్పటికీ బాకీ ఉంది.

అబద్ధ సాక్ష్యం అంటే ఏమిటి?

ఇక ఆ పిల్ల ప్రశ్న. పది ఆజ్ఞల్లో ఉన్నది పొరుగువాడి మీద అబద్ధ సాక్ష్యం పలకవద్దని. అంటే సాక్ష్యంతో బలహీనుణ్ని నాశనం చేయవద్దని. దాన్ని కేవలం నోటి మాట లెక్కగా కుదించి, బలహీనుడి మీదే ప్రయోగించడం ఆజ్ఞను తలకిందులు చేయడమే.

నిర్గమకాండం మొదటి అధ్యాయంలో షిఫ్రా, పూయా అనే ఇద్దరు మంత్రసానులున్నారు. హెబ్రీయుల మగపిల్లల్ని పుట్టగానే చంపమని ఫరో ఆజ్ఞాపించాడు. వాళ్లు చంపలేదు. ఎందుకు చంపలేదని అడిగితే, మేము వెళ్లేలోపే వాళ్లు కనేస్తున్నారని చెప్పారు. ఆ మంత్రసానులకు దేవుడు మేలు చేశాడని రాసి ఉంది. యెహోషువ గ్రంథంలో రాహాబు వేగులవాళ్లను దాచి, రాజు మనుషులకు తప్పుదారి చూపింది. ఆమెను కొత్త నిబంధన విశ్వాసుల వరుసలో నిలబెట్టింది. ప్రాణాలు కాపాడటం, సీటు సంపాదించడం ఒకటి కాదని ఎవరైనా అనొచ్చు. నిజమే. కానీ ఈ కథల్లో బైబిలు ముందుగా అడిగే ప్రశ్న ఒకటే: ఆ జవాబు చెప్పాల్సిన గతి పట్టించినవాడు ఎవడు?

హిట్లర్‌ను ఎదిరించి 1945 ఏప్రిల్ 9న ఉరికంబమెక్కిన జర్మన్ పాస్టరు డైట్రిక్ బాన్‌హోఫర్, జైల్లో ఉండగా నిజం చెప్పడం అంటే ఏమిటని ఒక వ్యాసం రాయడం మొదలుపెట్టాడు. అందులో ఒక ఉదాహరణ ఉంది. మీ నాన్న తరచూ తాగి ఇంటికొస్తాడట కదా అని టీచరు క్లాసు అందరి ముందూ ఒక పిల్లవాణ్ని అడుగుతాడు. అది నిజమే. అయినా పిల్లవాడు కాదంటాడు. ఆ జవాబు అబద్ధమే అయినా దాని దోషం టీచరుదేనంటాడు బాన్‌హోఫర్. అడిగే హక్కు లేని ప్రశ్నను, అడగకూడని చోట అడిగాడు కనుక. మనస్సాక్షి స్వేచ్ఛను 25వ అధికరణ హామీ ఇచ్చిన దేశంలో, నీ తాతముత్తాతలు పడ్డ అంటరానితనానికి పరిహారం కావాలంటే ముందు నీ దేవుడెవరో చెప్పు అని అడిగే ఫారం ఆ టీచరు లాంటిదే.

ఇంకా పాత కథ ఒకటుంది. క్రీ.శ. 250లో రోమన్ చక్రవర్తి డేసియస్, అందరూ రోమ్ దేవతలకు బలి అర్పించి ధ్రువపత్రం తీసుకోవాలని ఆజ్ఞ జారీ చేశాడు. ఆనాటి ధ్రువపత్రాలు ఈజిప్టు ఇసుకలో దొరికాయి కూడా. కొందరు క్రైస్తవులు చచ్చిపోయారు. కొందరు బలి అర్పించారు. కొందరు బలి అర్పించకుండా, అర్పించామన్న కాగితం మాత్రం సంపాదించుకున్నారు. మరుసటి ఏడు కార్తేజ్ బిషప్పు సిప్రియన్ నాయకత్వంలో సంఘం కూర్చుని వాళ్ల సంగతి చర్చించింది. కాగితం తీసుకున్నవాళ్లనూ, బలి అర్పించినవాళ్లనూ ఒకే గాటన కట్టలేదు. ఒక్కొక్కరి పరిస్థితి విడిగా విచారించి, కాగితం వాళ్లను తిరిగి చేర్చుకునే దారి చూసింది. తప్పు జరగలేదని అనలేదు. వాళ్లను వెలివేయనూ లేదు. వరంగల్ పిల్ల చెప్పే కులం మాట వాళ్ల కాగితంలా కల్పితం కూడా కాదు, అక్షరాలా నిజం. అలాంటప్పుడు ఆమెతో మన చర్చి కార్తేజ్ కన్నా కఠినంగా ఎందుకు మాట్లాడుతోంది?

నష్టం లేదని కాదు

ఇదంతా చెప్పి, ఏదో ఒకటి రాసేయండి అని విద్యార్థులకు సలహా ఇవ్వడం తేలిక. అది బాధ్యత లేని సలహా. తప్పుడు ధ్రువపత్రం మీద చర్యకు ఉమ్మడి రాష్ట్రంలో 1993లోనే చట్టం వచ్చింది. ఉద్యోగం వచ్చి ఇరవై ఏళ్లయ్యాక ఒక్క ఫిర్యాదుతో జీవితం తలకిందులు కావచ్చు. ఊళ్లో గొడవైతే, ఎన్నికల్లో నిలబడితే, ముందుగా బయటికొచ్చేది ఆ కాగితమే. ఆ భయం మనిషిని లొంగదీస్తుంది. భయపెట్టగలిగేవాడు ఎప్పుడూ పైకులం వాడే.

రెండో నష్టం సంఘానిది. 1971 జనగణనలో ఆంధ్రప్రదేశ్ జనాభాలో క్రైస్తవులు 4.19 శాతం. 2011 నాటికి 1.34 శాతం. ఈ నలభై ఏళ్లలో మన పల్లెల్లో ప్రార్థన మందిరాలు తగ్గాయా, పెరిగాయా? కళ్లకు కనిపించేదానికీ కాగితం మీద లెక్కకూ పొంతన లేదు. లెక్కలో లేని జనానికి రాజకీయాల్లో గొంతు ఉండదు.

మూడో నష్టం లోపలిది. తాను ఎవరో చెప్పుకోలేని మనిషికి ఆత్మగౌరవం ఎక్కడిది? పేతురు ముమ్మారు బొంకి, కోడి కూసినప్పుడు ఏడ్చాడు. ఆ ఏడుపును తక్కువ చేయకూడదు. కానీ పేతురును యేసు వెలివేయలేదు. తర్వాత అతనికే గొర్రెల్ని అప్పగించాడు.

వాటా అనుమానం

హిందూ దళిత సోదరుల్లో కొందరికి ఒక అనుమానం ఉంది. క్రైస్తవులొస్తే మా 15 శాతంలో వాటా పోతుందని. మిషన్ బడుల్లో చదువుకున్నవాళ్లు ముందుంటారని. ఈ అనుమానాన్ని ఈసడించకూడదు, దానికి జవాబు చెప్పాలి. మొదటిది, జాబితాలో జనం పెరిగితే వాటా పెరగాలని కలిసి అడగాలి. 50 శాతం గోడ దాటకూడదన్న వాదన, అగ్రవర్ణ పేదలకు 2019లో 10 శాతం ఇచ్చినప్పుడు ఏమైందో చూశాం. రెండోది, 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఎస్సీ వర్గీకరణకు దారి తెరిచింది. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో 59 కులాలను మూడు గ్రూపులు చేసి 1, 9, 5 శాతం చొప్పున పంచే చట్టం అమల్లోకి వచ్చింది. వెనకబడినవాళ్ల వాటా కాపాడుతూనే కొత్తవాళ్లను చేర్చుకునే పనిముట్టు ఇప్పుడు చేతిలో ఉంది. మూడోది, అట్రాసిటీ చట్టం రక్షణ ఒకరికి ఇస్తే మరొకరికి తరిగేది కాదు. కనీసం దానికైనా ఎవరికీ అభ్యంతరం ఉండనక్కర్లేదు.

ఇది రాజ్యాంగ సవరణ కూడా అక్కర్లేని పని. 1956, 1990లలో చేసినట్టు పార్లమెంటు మామూలు చట్టంతో ఆ పేరాను తీసేయొచ్చు. తీసేయాలని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ సిఫార్సు చేసింది. దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ 2009లో, ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ 2023లో తీర్మానాలు చేశాయి. సుప్రీంకోర్టులో పిటిషన్ 2004లో పడింది. 2022 అక్టోబర్‌లో కేంద్రం జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ వేసి రెండేళ్ల గడువు ఇచ్చి, తర్వాత దాన్ని పొడిగించింది. ఒక కమిషన్ చెప్పింది వినకుండా ఇంకో కమిషన్ వేయడం మన పాలకులకు కొత్త కాదు.

చేయాల్సింది

2027 జనగణన ముందుంది. హిందూ, సిక్కు, బౌద్ధులైతే తప్ప ఎస్సీగా రాయకూడదన్నదే 2011లో ఎన్యూమరేటర్లకు ఇచ్చిన నియమం. ఈసారి అందరి కులమూ లెక్కిస్తామంటున్నారు కాబట్టి, క్రైస్తవ మాలను క్రైస్తవ మాలగా, క్రైస్తవ మాదిగను క్రైస్తవ మాదిగగా నమోదు చేసి, ఆ లెక్కను ప్రకటించాలని ఇప్పుడే డిమాండ్ చేయాలి. జనగణనలో చెప్పిన వివరాలను కోర్టులో సాక్ష్యంగా వాడరాదని 1948 జనగణన చట్టం చెబుతోంది. ఆ రక్షణ గురించి వాడవాడలో చెప్పాల్సింది విద్యార్థి సంఘాలు, సంఘ పెద్దలు. సూసై కేసులో లేవన్న ఆధారాలు అలా తయారవుతాయి.

చర్చికి మూడు పనులున్నాయి. ధ్రువపత్రం పేరుతో వేదిక మీద నుంచి పిల్లల్ని సిగ్గుపరచడం ఆపాలి. తన స్మశానాల్లో, కమిటీల్లో, పెళ్లి సంబంధాల్లో ఉన్న కులాన్ని స్వయంగా లెక్కించి బయటపెట్టాలి. ఏటా ఆగస్టు 10న నల్లబ్యాడ్జీలు పెట్టుకోవడంతో సరిపెట్టకుండా, బీసీ-సి రాసుకుని నష్టపోయిన పిల్లలకు తన కాలేజీల్లో సీటు, ఫీజు మాఫీ ఇవ్వాలి. నిజం చెప్పమని అడిగేవాళ్లు ఆ నిజానికయ్యే ఖర్చులో వాటా తీసుకోవాలి. మోయలేని బరువులు జనం భుజాల మీద పెట్టి, తాము వేలితోనైనా ముట్టని బోధకుల గురించి యేసు మత్తయి సువార్త 23వ అధ్యాయంలో ఏమన్నాడో పాస్టర్లకు వేరే చెప్పక్కర్లేదు.

సోమవారం ఆ పిల్ల మళ్లీ మీసేవాకు పోతుంది. ఆమె ఏం రాయాలో చెప్పే హక్కు ఈ వ్యాసానికి లేదు. ఆమెను ఆ ప్రశ్న అడిగే హక్కు ఎవరికుందో తేల్చమని రాజ్యాన్నీ, చర్చినీ నిలదీసే హక్కు మాత్రం మనకుంది.